సిస్టమ్ అంటే ఎవరు

ఆమె స్కూలు వ్యాను నడిపేది. ఎక్కే పిల్లలూ దిగే పిల్లలూ అత్తా అత్తా అంటూ ఉండటంతో పేటంతటికీ ఆమె వ్యాన్ అత్త అయిపోయింది. ఆమెకంటే పెద్దవాడైన కిరాణా కొట్టాయన కూడా అలాగే పిలిచేవాడు. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. అమ్మానాన్నలు అంతకు ముందే పోవడంతో తమ్ముణ్ణి తల్లిలా పెంచింది. ఇప్పుడు తనవాడు అని చెప్పుకోవడానికి ఆ తమ్ముడొక్కడే.

తమ్ముడు గోడలకు రంగులు వేసేవాడు. ఎంత తోమి తోమి స్నానం చేసినా చెవి వెనకో మోచేతి మీదో ఏదో ఒక రంగు మిగిలి ఉండేది. మహా మాటకారి. "మా అక్క వ్యానులో హారను తప్ప అన్నీ మోగుతాయి" అని అందరి ముందూ ఆటపట్టించేవాడు. "నీకు పెళ్లి చేసి పంపిస్తే గాని నా చెవులకు సుఖం లేదురా" అని ఆమె విసుక్కునేది. ఇద్దరూ సందు చివర రెండు గదుల్లో అద్దెకు ఉండేవారు. సందు ఇరుకు. అందులో వ్యాను తిరగదు. పెద్ద రోడ్డు మీద ఆపి, తాళం వేసి, నడిచి లోపలికి వచ్చేది.

ఆ సందు మొదట్లోనే మురుగు కాలువ మీద మూత ఒకటి ఉండేది. నీళ్ల ట్యాంకరు చక్రం ఎక్కి ఒకనాడు అది రెండు ముక్కలై లోపలికి పడిపోయింది. మనిషి నిలువునా దిగిపోయేంత గొయ్యి. వ్యాన్ అత్త ఇంట్లో ఉన్న విరిగిన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గొయ్యి నోటికి అడ్డంగా పెట్టి, దానికి ఎర్రగుడ్డ కట్టింది. తర్వాత తమ్ముడు పక్కన కూర్చుని చూపిస్తుంటే, ఫోనులో నగరపాలక సంస్థవాళ్ల యాప్ తెరిచి, గొయ్యి ఫోటో తీసి ఫిర్యాదు పెట్టింది. వెంటనే ఒక నంబరు వచ్చింది.

"చూశావా, పనైపోయింది. ఇక వాళ్ల నెత్తిన పడింది" అన్నాడు తమ్ముడు.

ఎవరూ రాలేదు. వ్యాన్ అత్త కూడా పనుల్లో పడి మరిచిపోయింది. వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం సందంతా మోకాళ్ల లోతు నీళ్లు నిలిచాయి. కుర్చీ ఎప్పుడు కొట్టుకుపోయిందో ఎవరూ చూడలేదు. తమ్ముడు పని ముగించుకుని, సైకిలుకు నిచ్చెన కట్టుకుని, గోధుమరంగు నీళ్లలో తోసుకుంటూ వస్తున్నాడు. అలవాటైన దారే కదా అని కిందికి కూడా చూడలేదు. కాలు గోతిలోకి దిగింది, సైకిలూ నిచ్చెనా వచ్చి వెన్ను మీద పడ్డాయి.

ఇరుగుపొరుగు పట్టుకుని లాగబట్టి ప్రాణం దక్కింది. కాళ్లు దక్కలేదు. ఆస్పత్రిలో డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి, నడుము కింద స్పర్శ తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. ఆమె సరేనండి అంది. ఏం సరేనో ఆమెకే తెలియదు. కాసేపయ్యాక వెనక్కి వెళ్లి, "ఏమన్నారండీ ఇందాక?" అని మళ్లీ అడిగింది. ఆయన ఓపిగ్గా మళ్లీ అదే మాట చెప్పాడు.

గొయ్యి మీద పక్కింటివాళ్లు రాతిపలక వేశారు. తమ్ముణ్ణి ఇంటికి తెచ్చి ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేసింది. పొద్దున్నే లేచి అతనికి ఒళ్లు తుడిచి, గుడ్డలు మార్చి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, పిల్లల్ని బడిలో దింపి పరుగెత్తుకొచ్చేది. మళ్లీ తిప్పి, తినిపించి, మధ్యాహ్నం పిల్లల కోసం వెళ్లేది. ఒంట్లో ఓపిక మొత్తం ఆ రెండు పనులకే సరిపోయేది. మిగిలిన చోటంతా కోపమే ఉండేది. ఎవరి మీదో తెలియని కోపం కావడంతో అది ఎటూ పోయే దారి లేక ఆమెనే కాల్చేది.

ఒకరోజు పిల్లల్ని దింపి నేరుగా నగరపాలక సంస్థ ఆఫీసుకు వెళ్లింది. కిటికీ అవతలున్న గుమస్తా నంబరు కొట్టి, కంప్యూటరు తెర ఆమెవైపు తిప్పాడు.

"ఇది పరిష్కారమైపోయింది కదమ్మా."

తెర మీద ఆమె తీసిన ఫోటోయే ఉంది. గొయ్యి, కుర్చీ, ఎర్రగుడ్డ. పక్కన పచ్చరంగులో, పరిష్కరించబడినది.

"మా తమ్ముడు ఈ గోతిలోనే పడ్డాడండీ. వాడి నడుము విరిగింది."

గుమస్తా ఇబ్బందిగా కదిలాడు. "అయ్యో. కానీ ఇక్కడ మాత్రం అయిపోయినట్టే ఉందమ్మా."

"ఎవరు చేశారు? ఎవరొచ్చి చూశారు? పేరు చెప్పండి, నేనే వెళ్లి అడుగుతా."

"పేరేమీ ఉండదు. సిస్టమ్ చేసింది."

"సిస్టమ్ అంటే ఎవరు?"

వెనక వరుసలో ఎవరో నవ్వారు. గుమస్తా నవ్వలేదు. అతనికీ తెలియదని అతని మొహంలోనే కనిపించింది. "సిస్టమ్ అంటే సిస్టమేనమ్మా. కావాలంటే కొత్తగా ఇంకో ఫిర్యాదు పెట్టండి" అన్నాడు.

ఆ తర్వాత ఆమెకు అదొక్కటే ధ్యాస. వ్యాను నడుపుతున్నా, తమ్ముడికి గడ్డం గీస్తున్నా, ఎవడో ఒకడు ఎక్కడో కూర్చుని ఆ పచ్చ బొత్తాం నొక్కాడన్న మాటే చెవిలో జోరీగలా రొద పెట్టేది. వాడికి ఒక మొహం ఊహించుకుంది. మీసం కూడా పెట్టింది.

పిల్లల్లో ఒకమ్మాయిని గ్రంథాలయం దగ్గర దింపాలి. అక్కడ తలుపు మీద అంటించిన కాగితం ఒకటి ఆమె కంటపడింది. ప్రభుత్వ యాప్‌లు, ఓటు యంత్రాలు, ఫిర్యాదుల వ్యవస్థలు ఎలా పనిచేస్తాయో మన చేతులతో విప్పి చూసి నేర్చుకుందాం, ఆదివారం రండి, ఏ చదువూ అక్కర్లేదు అని రాసి ఉంది. విప్పి చూడటం అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. వ్యాను ఇంజను మొరాయిస్తే మెకానిక్కు విప్పి, తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాడు. అలాంటి వేలే ఇప్పుడు ఆమెకు కావాలి.

"ఈ వయసులో బడికా?" అన్నాడు తమ్ముడు. అప్పటికింకా అతనిలో హాస్యం పూర్తిగా చావలేదు. "బాగానే ఉంది. స్కూలు వ్యాను నువ్వే నడుపుకుంటూ, నువ్వే ఎక్కి వెళ్లు."

గ్రంథాలయం వెనక గదిలో పొడవాటి బల్ల, నాలుగైదు పాత కంప్యూటర్లు. నేర్పేది నెరిసిన జుట్టున్న ఒకావిడ. చాలా ఏళ్లు ప్రభుత్వాలకు ఇలాంటి యంత్రాలే తయారుచేసి పెట్టి, విసిగి మానేశానని మొదటిరోజే చెప్పింది. అందరూ ఆమెను టీచరమ్మ అనేవారు. నేర్చుకునేవాళ్లలో కాలేజీ పిల్లలు, ఒక నర్సు, ఒక రిటైరైన పోస్ట్‌మాన్ ఉన్నారు. పోస్ట్‌మాన్‌ని అందరూ తాతగారూ అనేవారు. ఆయన మౌస్‌ని పట్టుకుంటే అది పారిపోతుందేమో అన్నట్టు గుప్పిట బిగించేవాడు.

టీచరమ్మ పాఠం చెప్పేది తక్కువ, చేయించేది ఎక్కువ. ఒకవారం అట్టపెట్టెతో ఓటు పెట్టె, కంప్యూటరుతో ఓటు యంత్రం చేయించి, రెంటిలోనూ మోసం చేసి చూడమంది. తాతగారు రెంటిలోనూ మోసం చేసి గెలిచాడు. ఇంకోవారం అందరినీ వీధుల్లోకి తీసుకెళ్లి, వెలగని దీపాలను ఫోనులో పటం మీద గుర్తు పెట్టించింది. వ్యాన్ అత్త అన్నీ చేసేది గాని ఆమె మనసు ఒక్కచోటే ఉండేది. క్లాసు అవగానే టీచరమ్మ దగ్గరికి వెళ్లి అడిగేది.

"ఫిర్యాదుల సంగతి ఎప్పుడు విప్పుతామండీ?"

"వస్తున్నాం, వస్తున్నాం. మీకెందుకంత తొందర?"

ఆమె చెప్పేది కాదు.

ఆ ఆదివారం రానే వచ్చింది. టీచరమ్మ బల్ల మీద అట్టముక్కలు పేర్చింది. ఒక్కో ముక్క మీద ఒక్కో ఫిర్యాదు. కుళాయి రావట్లేదు, చెత్త తియ్యట్లేదు, స్తంభం ఒరిగింది. ఇద్దరు పనివాళ్లు, మిగతావాళ్లు ఫిర్యాదుదారులు. వ్యాన్ అత్తను అధికారిగా కూర్చోబెట్టింది. తానేమో కమిషనర్. గోడ మీద బోర్డుపై మిగిలిన ఫిర్యాదుల లెక్క ఎర్రసుద్దతో రాస్తూ, "ఇంకా ఇన్నా? పైవాళ్లకు నేనేం చెప్పుకోను?" అని ప్రతి కాసేపటికీ అరిచేది. పనివాళ్లు ఇద్దరు, అట్టముక్కలు బుట్టెడు. ఒకటి తీరేలోపు నాలుగు వచ్చిపడేవి. వ్యాన్ అత్తకు తల ప్రాణం తోకకొచ్చింది. చెమటలు పట్టాయి. ఆట అని తెలిసినా ఆ ఎర్ర అంకె చూస్తే పరువు పోతున్నట్టు అనిపించింది.

"ఇందులో చాలావాటికి ఈపాటికి పనైపోయి ఉంటుందండీ" అంది చివరికి. "అందరికీ ఒక మెసేజి పంపుదాం. తీరనివాళ్లు తీరలేదని చెప్తారు. జవాబు ఇవ్వనివాళ్లవి అయిపోయినట్టు తీసేద్దాం."

"మంచి ఆలోచన. రండి, కంప్యూటరులో మీరే పెట్టండి" అంది టీచరమ్మ.

తెర మీద గళ్లున్నాయి. ఇలా అయితే, అలా చెయ్యి. ఆమె ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ నింపింది. జవాబు రాకపోతే, మూసెయ్యి. మీట నొక్కగానే తెర మీది ఎర్రగళ్లు వరసగా పచ్చబడుతూ వెళ్లాయి. కాలేజీ పిల్లలు చప్పట్లు కొట్టారు. తాతగారు ఆమె భుజం తట్టాడు. చాలా నెలల తర్వాత ఆమె నవ్వింది.

"ఇప్పుడు మీరు మూసిన ముక్కలు తిరగేసి చదవండి" అంది టీచరమ్మ.

ప్రతి అట్టముక్క వెనకా జవాబు ఎందుకు రాలేదో ముందే రాసి ఉంది. ఆస్పత్రిలో ఉన్నాడు. చదవడం రాదు. ఫోను పాడైంది. ఎవరో ప్రకటన అనుకుని చూడలేదు. వ్యాన్ అత్త చేతికి వచ్చిన ముక్క వెనక, పనిలో పడి చూసుకోలేదు అని ఉంది.

ఆమె లేచి బయటి మెట్ల మీదికి వెళ్లింది. ఫోను తీసి పాత మెసేజీలు పైకి తోసుకుంటూ పోయింది. బ్యాంకువాళ్లు, బట్టల కొట్టువాళ్లు, పిల్లల తల్లులు. వాటి మధ్యలో, ఎప్పుడూ తెరవని మెసేజి ఒకటి ముదురు అక్షరాల్లో ఉంది. మీ ఫిర్యాదు గడువు ముగిసినది. సమస్య తీరనిచో వారంలోగా తెలుపగలరు. జవాబు రానిచో పరిష్కారమైనట్లు భావించబడును. వానలు మొదలవకముందు వచ్చిన మెసేజి.

మీసంవాడు ఎవడూ లేడు.

ఇంటికి వెళ్లాక చాలాసేపు వంటగదిలోనే తచ్చాడింది. చెప్పకుండా ఉండిపోదామా అనుకుంది. కానీ తమ్ముడి దగ్గర ఏదీ దాచే అలవాటు ఆమెకు లేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పింది. తాను ఆ రూలు ఎలా పెట్టిందో, అట్టముక్కల వెనక ఏముందో, ఫోనులో ఏం దొరికిందో. ఫోను అతని చేతికిచ్చింది. అతను చదివాడు. మళ్లీ చదివాడు.

"ఎందుకు చెప్పావక్కా?" అన్నాడు.

ఆమె ఫోను వెనక్కి తీసుకోబోయింది.

"ఎవడో తెలియని వెధవని తిట్టుకుంటూ బతికేస్తున్నా. హాయిగా ఉండేది. ఇప్పుడు నిన్ను తిట్టుకోవాలా?"

మొహం కిటికీవైపు తిప్పుకున్నాడు. ఆ రోజు నుంచి అక్కతో మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, తిప్పితే తిరిగేవాడు. నొప్పి పుట్టినా పళ్లు బిగబట్టేవాడే గాని అబ్బా అని కూడా అనేవాడు కాదు. ఆ ఇంట్లో ఇంతకాలం కోపమే ఉండేది. ఇప్పుడు దానికి ఆమె మొహం వచ్చింది.

ఆమె క్లాసు మానేసింది. వ్యాను నడపడం కూడా మారిపోయింది. దారిలో ఎక్కడ నీళ్లు నిలిచి కనిపించినా బండి ఆపి, దిగి, కర్రతో పొడిచి చూస్తే గాని ముందుకు కదిలేది కాదు. పిల్లలు బడికి ఆలస్యంగా చేరసాగారు. బడివాళ్లు కోప్పడ్డారు. ఒక్కొక్క తల్లీ వచ్చి, "ఏమీ అనుకోకండి అత్తా, మా పిల్ల వేరే వ్యానులో వస్తుంది" అని చెప్పి వెళ్లింది. ఆమె ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి కూడా ఓపిక లేదు. ఒక మధ్యాహ్నం ఖాళీ వ్యానులో స్టీరింగు మీద తల పెట్టుకుని, ఇద్దరం ఒకేసారి పోతే ఎవరికీ బాధ ఉండదు కదా అనుకుంది. తర్వాత, అతన్ని తిప్పి పడుకోబెట్టే వేళయిందని గుర్తొచ్చి లేచింది.

టీచరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. గుమ్మంలోంచే మంచం చూసింది. ఏం జరిగిందో వ్యాన్ అత్త చెప్పాక మంచం పక్కన కూర్చుంది. "నాకు తెలిస్తే ఆ ఆట మీతో ఆడించేదాన్ని కాదమ్మా" అంది.

అప్పుడు తమ్ముడు నోరు తెరిచాడు. అక్కతో కాదు, ఆవిడతో.

"టీచరమ్మా, ఒక్క మాట అడగనా? నేను మా అక్కతో మాట్లాడట్లేదు. చాలారోజులైంది. దానర్థం నాకు కోపం పోయిందనా, పోలేదనా?"

ఆవిడ అతనివైపు తిరిగింది. "నాకెలా తెలుస్తుంది బాబూ?"

"మీకే తెలియనప్పుడు ఆ యంత్రానికెలా తెలిసింది? మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టని దానికెవరు చెప్పారు?"

అతను మళ్లీ కిటికీవైపు మొహం తిప్పుకున్నాడు.

"ఆ మాటే వెళ్లి వాళ్లని అడగమనండి మా అక్కని. ఇంట్లో కూర్చుని ఏడిస్తే నాకు కాళ్లొస్తాయా?"

నగరపాలక సంస్థ కొత్త యాప్ తేబోతోందని, జనం అభిప్రాయాలు వింటుందని టీచరమ్మకు తెలుసు. ఆ సమావేశానికి క్లాసంతా వెళ్లింది. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు. వ్యాన్ అత్త వంతు వచ్చినప్పుడు మైకు ముందు నిలబడి కాగితం చూడకుండానే మాట్లాడింది. జరిగింది చెప్పింది. మెసేజి చూడకపోవడం తన తప్పేనని కూడా చెప్పింది. "నేను చూడలేదు. నిజమే. మీ తరఫున గొయ్యి ఎవరు చూశారండీ? నేను జవాబివ్వకపోతే నాకు శిక్ష పడింది. మీవాళ్లు రాకపోతే మీ లెక్కలో పచ్చరంగు పడింది. ఆ ఒక్క రూలు తీసెయ్యండి." వేదిక మీది అధికారి మర్యాదగా విన్నాడు. మీ సూచన స్వీకరించామమ్మా అని, తర్వాతి వ్యక్తిని పిలిచాడు. అంతే.

బయట మెట్ల దగ్గర ఒకమ్మాయి వెనకనుంచి వచ్చి ఆపింది. మెడలో ఇప్పుడున్న యాప్ తయారుచేసిన కంపెనీ కార్డు. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, ఆ రూలు రాసింది నేనే."

వ్యాన్ అత్త ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. మీసం లేదు. జడ ఉంది.

"ఎందుకు రాశావమ్మా?"

"మిగిలిపోయినవి బాగా పెరిగిపోయాయని మా సార్ ఒకటే గొడవ. జవాబు రానివి మూసేస్తే తగ్గుతాయన్నాను. అందరూ మెచ్చుకున్నారు."

వ్యాన్ అత్తకు ఆ చప్పట్ల మోత చెవుల్లో మళ్లీ వినిపించింది. తిడదామని నోరు తెరిచింది. కానీ తిట్టాల్సినవన్నీ తనను తాను ఎప్పుడో తిట్టుకుంది.

"ఇప్పుడు తీసెయ్యగలవా?"

"నా చేతుల్లో లేదండీ. కానీ మూసినదాన్ని మళ్లీ తెరిచే మార్గం ఒకటుంది. లోపలెక్కడో ఉంటుంది, ఎవరికీ కనపడదు. అలా తెరిచినవి పై అధికారి చూడకుండా మూయడానికి వీల్లేదు." ఆ అమ్మాయి ఫోను తీసి దారి చూపించింది.

ఆ తర్వాతి ఆదివారాలన్నీ క్లాసు వీధుల్లోనే జరిగింది. ఇంటింటికీ వెళ్లి, మీ ఫోను ఇలా ఇవ్వండమ్మా, మీరెప్పుడైనా ఫిర్యాదు పెట్టారా అని అడిగి, మూసేసినవాటిని తెరిపించారు. ఇంట్లోకి రానివ్వనివాళ్లు ఉన్నారు. మీరు ఏ పార్టీవాళ్లని నిలదీసినవాళ్లు ఉన్నారు. ఒక ముసలాయన తన ఫిర్యాదు ఇంకా నడుస్తోందనే నమ్మకంతో రోజూ వీధిలోకి వచ్చి పనివాళ్ల కోసం చూస్తున్నాడట. అది ఏడాది కిందటే మూతపడిందని చెప్పడం వ్యాన్ అత్త వల్ల కాలేదు. తాతగారే చెప్పాడు.

కొంత కదలిక వచ్చింది. పేటలో నోరు తెరిచిన కాలువలకు వరసగా మూతలు పడ్డాయి. రాతిపలక తీసి వాళ్ల సందులోనూ కొత్త మూత వేశారు. ఒక పేపరులో చిన్న వార్త కూడా వచ్చింది. ఇంతలో ఒకరోజు యాప్ కొత్తదైంది. మళ్లీ తెరిచే మార్గం అందులో లేదు. కాలువ మూతల ఫిర్యాదులు మాత్రం ఫోటో పెడితే గాని మూయకూడదని ఒక నియమం చేర్చారు. మిగతా అన్నిటికీ పాత పద్ధతే. జడ ఉన్న అమ్మాయి ఉద్యోగం పోయిందో, తానే మానేసిందో, మళ్లీ కనిపించలేదు.

"ఓడిపోయామా, గెలిచామా?" అని ఒక కాలేజీ పిల్లవాడు అడిగితే టీచరమ్మ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "నన్నడక్కు" అంది.

తమ్ముడికి కాళ్లు రాలేదు. వీపు మీద పుండ్లు పడి రెండోసారి ఆస్పత్రికి వెళ్లి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. కొత్త యాప్‌లో దారి మూసుకుపోయాక, క్లాసువాళ్లు తమకు నంబరిచ్చిన జనానికి గడువులోపే ఫోను చేసి గుర్తు చేద్దామనుకున్నారు. పగలంతా ఖాళీగా ఉండేది ఎవరంటే, తమ్ముడు. టీచరమ్మ అడిగింది. అతను ఔననలేదు, కాదనలేదు. మర్నాడు ఆవిడ ఒక ఫోనూ, నంబర్ల జాబితా పంపిస్తే మాత్రం అందుకున్నాడు.

వ్యాన్ అత్తకు పిల్లలు సగానికి సగం తగ్గిపోయారు. మిగిలినవాళ్లతోనే బండి లాగిస్తోంది. ఒక మధ్యాహ్నం ఇంట్లోకి వస్తుంటే ముందు గదిలోంచి తమ్ముడి గొంతు వినిపించింది. ఆమె చెప్పులు విప్పుతూ గుమ్మం దగ్గరే ఆగింది.

"లేదమ్మా, మీరేం తప్పు చేయలేదు. అలాంటి మెసేజీలు ఎవరికి కనిపిస్తాయి చెప్పండి. కంగారు పడకండి. నేను చెప్తా, మెల్లగా నొక్కండి. కింద కుడివైపు. కనిపించిందా? లేదా? పర్వాలేదు, నాకు చాలా తీరిక ఉంది."

ఎవరో ముక్కూమొహం తెలియనావిడ. ఆమెతో ఎంత మెత్తగా మాట్లాడుతున్నాడో. అంత మెత్తటి గొంతు విని ఎన్నాళ్లయిందో వ్యాన్ అత్తకు గుర్తు రాలేదు. కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి, గ్లాసుతో నీళ్లు తెచ్చి మంచం పక్కన నిలబడింది. అతను ఆమెవైపు చూడకుండానే, ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆమె గ్లాసు పట్టుకుని ఆగింది.